పాత రోలర్ కోస్టర్ బాగు చేయాలి, బడ్జెట్ సగానికి కోశారు. ముందు దేని మీద పెట్టాలి?

చైన్‌లిఫ్ట్:

నేను ఒక పార్కులో రైడ్స్ మెయింటెనెన్స్ చూస్తాను. మా పెద్ద కోస్టర్ స్టీలు ట్యూబ్ ట్రాక్‌ది. చైన్ లిఫ్ట్ (ట్రైన్‌ని గొలుసుతో పైకి లాగే భాగం), ఒక లూప్, రెండు కార్క్‌స్క్రూలు (మెలి తిరిగే చుట్లు). పాతికేళ్లు దాటాయి. తయారు చేసిన కంపెనీ ఇప్పుడు లేదు, డ్రాయింగులు సగమే ఉన్నాయి, మిగతావి ఎవరి బీరువాలో ఉండిపోయాయో ఎవరికీ తెలీదు.

రెండు ట్రైన్లలో ఒకటే నడుస్తోంది. రెండోదాని నుంచి చక్రాలు, బేరింగులు, హార్నెస్ (భుజాల మీద నుంచి పట్టి ఉంచే బిగింపు) లాకులు పీకి మొదటిదానికి వేస్తూ వచ్చాం కాబట్టి షెడ్డులో ఉన్నది పేరుకే ట్రైన్. కంట్రోల్ ప్యానెల్ పాత పీఎల్‌సీ (రైడ్‌ని నడిపే చిన్న కంప్యూటర్), దాని కార్డులు తయారీ ఆపేశారు, ఒకటి పోతే సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాలి. బ్రేకులు గాలితో నొక్కే రకం, ఎక్కడో ఒకచోట లీకు ఉంటూనే ఉంటుంది. కొన్ని స్తంభాల కింద బేస్ ప్లేట్ల దగ్గర తుప్పు కనిపిస్తోంది. ఇక జనం చేసే ఫిర్యాదు ఒక్కటే, రెండో కార్క్‌స్క్రూలో తల హార్నెస్‌కు టపటపా కొట్టుకుంటోందని.

మొదట పెద్ద రిపేరుకు ఒప్పుకున్న మేనేజ్‌మెంట్ ఇప్పుడు బడ్జెట్ సగం చేసింది. ఆ సగంలోనే కొత్త రంగు, కొత్త పేరు, లిఫ్ట్ పొడవునా ఎల్‌ఈడీ లైట్లు కూడా కావాలట, ఎందుకంటే పోస్టర్లో కనిపించేది అదే కదా. ఒక ఫ్యాబ్రికేటర్ వచ్చి చక్రాల అసెంబ్లీలు చూసి "ఇవి మేం అచ్చంగా ఇలాగే చేసిస్తాం, కంపెనీ రేటు కంటే చాలా తక్కువకు" అన్నాడు, దాంతో పైవాళ్లు ఇంకా ఉత్సాహంగా ఉన్నారు. నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు. ఇలాంటి పని దగ్గరుండి చూసినవాళ్లు ఉంటే చెప్పండి, ఉన్న డబ్బు ఏ వరసలో ఖర్చు పెట్టాలి? ట్రాకా, ట్రైనా, కంట్రోలా?

పాతబోల్టు:

ఈ మూడింటి కంటే ముందు ఎన్‌డీటీ, అంటే భాగాలు పాడుచేయకుండా పగుళ్లు పట్టే పరీక్ష. ఏ భాగం ఏ స్థితిలో ఉందో తెలియకుండా వరస ఎలా వేస్తారు? యాక్సిళ్లు, చక్రాల అసెంబ్లీ ఆర్ములు, కార్లను కలిపే కప్లింగులు, హార్నెస్ పివట్లు, లిఫ్ట్ మీద ట్రైన్ వెనక్కి జారకుండా పట్టే యాంటీ రోల్‌బ్యాక్ డాగులు, ఇవన్నీ విప్పి, రంగు గీకి, మ్యాగ్నెటిక్ పార్టికల్ టెస్ట్ చేయించండి. ఇనుము కాని భాగాలకు డై పెనెట్రంట్. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు మీ మొత్తం పనిలో చిన్న భాగమే, కానీ మిగతా ఖర్చంతా ఎక్కడికి పోవాలో తేల్చేది అదే.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే జపాన్‌లో ఎక్స్‌పోలాండ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2007 మే 5న, సెలవుల రద్దీలో, నడుస్తున్న కోస్టర్ యాక్సిల్ విరిగి ఒక అమ్మాయి చనిపోయింది. లోహం అలిసిపోయి విరిగింది. 1992లో రైడ్ మొదలైనప్పటి నుంచి ఆ యాక్సిల్ మార్చనే లేదు. ఏడాదికోసారి పగుళ్ల కోసం చేసే పరీక్షను రద్దీ అయ్యాక చేద్దామని వాయిదా వేసుకున్నారు. ఆ పార్కు చివరికి 2009లో పూర్తిగా మూతపడింది. "సీజన్ అయ్యాక చూద్దాం" అని మీ పైవాళ్లు అన్నప్పుడు ఈ ఒక్క ఉదాహరణ ముందు పెట్టండి చాలు.

ఇక ఆ ఫ్యాబ్రికేటర్. అచ్చంగా అలాగే చేస్తానంటున్నాడు గానీ అలాగే కనిపించేలా చేయడం వేరు, అంతే బలంగా చేయడం వేరు. స్వీడన్‌లో గ్రోనా లుండ్ పార్కులో 2023 జూన్‌లో జెట్‌లైన్ కోస్టర్‌కు జరిగింది ఇదే. విరిగింది పాత భాగం కాదండీ, పాతదాని స్థానంలో కొత్తగా చేయించి వేసిన సపోర్ట్ ఆర్ము. అసలుదానికి ఉన్న బలం దీనికి లేదని అక్కడి ప్రమాదాల దర్యాప్తు సంస్థ తేల్చింది. ఒకరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు.

అంటే బయట చేయించకూడదని కాదు, కంపెనీ లేనప్పుడు వేరే దారి కూడా లేదు. చేయించే పద్ధతిలో చేయించాలి. పాత ముక్క కోసి అది ఏ గ్రేడు ఉక్కో, గట్టితనం ఎంతో ల్యాబ్‌లో తేల్చుకోవాలి. దాన్ని బట్టి ఒక ఇంజినీరు లోడ్లు లెక్కగట్టి డ్రాయింగ్ గీసి సంతకం పెట్టాలి. వెల్డింగ్ ఏ రాడ్డుతో, ఎన్ని పాస్‌లు, వేడి ఎంత అన్నది కాగితం మీద ఉండాలి. చిన్న విషయం ఒకటి చూడండి: యాక్సిల్ మీద సన్న భాగం, లావు భాగం కలిసే భుజం దగ్గర అసలు ముక్కకు నున్నటి వంపు ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. కొలతలు మాత్రమే చూసుకుని లేత్ మీద తిప్పినవాడు అక్కడ పదునైన మూల వదిలేస్తాడు, కాలిపర్‌తో కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి, పగులు మాత్రం ఆ మూల దగ్గరే మొదలవుతుంది. ఆ ఫ్యాబ్రికేటర్‌ని ఈ వంపు గురించి అడిగి చూడండి. ఆయన ఏం చెప్తాడన్న దాన్ని బట్టి మీకు సగం విషయం అర్థమైపోతుంది.

హార్డ్‌వేర్_కాదు:

పైన అన్న చెప్పినదానికి నేనేం కలపను, యాంత్రిక భాగాలు నా పని కాదు. కంట్రోల్స్ వైపు నుంచి రెండు మాటలు.

పీఎల్‌సీ మార్చడం తప్పదు, కానీ మార్చేవాళ్లు చేసే తప్పు ఒకటుంది. పాత ప్రోగ్రామ్ చూసి కొత్త దానిలోకి ఎక్కించేస్తారు. పాతికేళ్లలో ఆ ప్యానెల్‌లో ప్రోగ్రామ్‌లో లేనివి చాలా చేరి ఉంటాయి. తలుపు తీసి టెర్మినల్ స్ట్రిప్ మొత్తం చూడండి, ఏదో ఒక మూల నంబరు లేని, రంగు కలవని జంపర్ వైరు కనిపిస్తుంది. ఎప్పుడో ఒక సెన్సర్ మొరాయిస్తుంటే రైడ్ ఆగకూడదని ఎవరో దాన్ని బైపాస్ చేసి ఉంటారు, ఆ మనిషి రిటైరై ఉంటాడు. ప్రతి ఇన్‌పుట్, ప్రతి అవుట్‌పుట్ చేత్తో కదిపి చూసి రాసుకున్నాకే కొత్తది మొదలుపెట్టండి. బ్లాక్ లాజిక్ (ట్రాక్‌ని భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగంలో ఒక్క ట్రైనే ఉండేలా చూసే ప్రోగ్రామ్) మాత్రం పాతదాని కాపీ వద్దు, ఇప్పటి సేఫ్టీ పీఎల్‌సీ పద్ధతిలో మొదటి నుంచి రాయించండి. అయ్యాక ప్రతి బ్లాక్‌లో ట్రైన్ ఉన్నప్పుడు వెనకది నిజంగా ఆగుతోందా లేదా ఖాళీ ట్రైన్‌తో, తర్వాత బరువు పెట్టి పరీక్షించాలి. మీకు ఇప్పుడు ఒకటే ట్రైన్ ఉంది కాబట్టి ఆ పరీక్ష ఎవరూ అడగరు, అక్కడే మోసపోతారు.

ఇంకోటి, ఎంత మంచి సిస్టమ్ పెట్టినా దాన్ని మనిషి దాటేస్తే పనికిరాదు. 2015 జూన్‌లో ఇంగ్లండ్ ఆల్టన్ టవర్స్‌లో స్మైలర్ కోస్టర్ ప్రమాదం గుర్తుందా? కంట్రోల్ సిస్టమ్ సరిగ్గానే ట్రైన్‌ని ఆపింది, ముందు ఖాళీ ట్రైన్ ఆగిపోయి ఉందని. అది ఫాల్టు అనుకుని సిబ్బంది ఆ స్టాప్‌ను దాటించి పంపించారు, అది వెళ్లి ఖాళీ ట్రైన్‌ని గుద్దింది. ఇద్దరమ్మాయిలకు కాలు తీసేయాల్సి వచ్చింది. అందుకని కొత్త ప్యానెల్‌లో బైపాస్ కీ ఎవరి దగ్గర ఉండాలి, అది తిప్పే ముందు ట్రాక్ మీదికి వెళ్లి కళ్లారా చూసి చెప్పాల్సింది ఎవరు అన్నది కూడా ఈ రిపేరులో భాగమే అనుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు.

కార్క్‌స్క్రూ_పిచ్చి:

నేను మెయింటెనెన్స్ మనిషిని కాదు, కోస్టర్లంటే పిచ్చి ఉన్నవాణ్ణి, ఎక్కేవాళ్ల తరఫున రాస్తున్నా. రంగు మార్చి పేరు మార్చి లోపల అదే తల కొట్టుకోవడం ఉంటే జనం ఒకసారి ఎక్కుతారు, వీడియోలో తిడతారు, అంతే. ట్రాకే కొత్తది వేయొచ్చు కదా? అమెరికాలో యూనివర్సల్ పార్కు వాళ్లు ఇన్‌క్రెడిబుల్ హల్క్ కోస్టర్‌ని 2015లో మూసి దాదాపు ఏడాదికి కొత్త ట్రాక్‌తో తెరిచారు, ఆల్టన్ టవర్స్‌లో 1994 నాటి నెమెసిస్‌కి కూడా కొత్త ట్రాక్ వేసి 2024లో తెరిచారు. రెండూ ఇప్పుడు భలే ఉన్నాయంటారు.

పాతబోల్టు:

తమ్ముడూ, ఆయన బడ్జెట్ సగం అయిందన్నారు, నువ్వేమో కొత్త కోస్టర్ కొనమంటున్నావు :) ఆ రెండూ వాళ్ల పార్కుల్లో ముఖం లాంటి రైడ్లు, తయారీదారు బతికే ఉన్నాడు, డ్రాయింగులు ఉన్నాయి. ఇక్కడ పరిస్థితి అది కాదు. చెక్క కోస్టర్ టెక్సస్ జెయింట్‌ని 2011లో ఆర్‌ఎంసీ అనే కోస్టర్ కంపెనీ వాళ్లు స్టీలు ట్రాక్‌తో మార్చినట్టు మార్చేయమని కూడా ఎవరైనా అంటారేమో, అది చెక్క కోస్టర్లకు సరిపోయే దారి, ట్యూబ్ ట్రాక్‌కు కాదు.

తల కొట్టుకోవడం గురించి మాత్రం నువ్వన్నది నిజం. అయితే అది ట్రాక్ వల్లే అని ముందే తీర్మానించేయకండి. చైన్‌లిఫ్ట్ గారూ, మొదటి కారు నేల మీద, చివరి కారు నేల మీద ఒక్కో యాక్సిలరోమీటర్ బిగించి తిప్పండి. కుదుపు అన్ని కార్లలో ట్రాక్ మీద ఒకే చోట వస్తే ట్రాక్‌లో ఉంది: జాయింట్‌లో మెట్టు పడి ఉండొచ్చు, గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) వెడల్పు అయి ఉండొచ్చు, ఆ స్తంభం కింద ఫౌండేషన్ కుంగి ఉండొచ్చు. ఒక కారులోనే వస్తే ఆ కారు చక్రాల్లో ఉంది. పాత ట్రైన్లలో నేను చూసినంతలో ఎక్కువగా బుష్‌లు (కదిలే కీళ్లలో వేసే గొట్టం లాంటి ముక్కలు) అరిగిపోయి ఉంటాయి, పక్క చక్రాలకీ పట్టాకీ మధ్య సందు పెరిగిపోయి ఉంటుంది, అందువల్ల కారు వంపులో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి విసిరినట్టు పడుతుంది. బుష్‌లు మార్చి, చక్రాల వ్యాసాలు జతలు జతలుగా కలిపి, సందు సరిచేస్తే చాలాసార్లు సగానికి సగం తగ్గిపోతుంది. ట్రాక్ ముట్టుకోకుండానే.

లెక్కల_పిచ్చయ్య:

రెండో ట్రైన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. దాన్ని బాగు చేయడానికి డబ్బు దాచిపెట్టారేమో అని అడుగుతున్నా. ఉదాహరణకు ట్రైన్‌లో 24 సీట్లు, ఎక్కి, తిరిగొచ్చి, దిగి మళ్లీ కదలడానికి మొత్తం 4 నిమిషాలు అనుకుందాం. గంటకు 15 ట్రిప్పులు, 360 మంది. రెండో ట్రైన్ పెడితే 720 అవుతుందనుకుంటారు, కాదు, స్టేషన్‌లో ఎక్కించడం దించడమే అసలు అడ్డంకి కాబట్టి 2.5 నిమిషాలకు ఒకటి కదిలితే 24 ట్రిప్పులు, 576 మంది. అదే ఒక్క ట్రైన్‌తోనే స్టేషన్‌లో అర నిమిషం తగ్గించగలిగితే, బ్యాగులు పెట్టే చోటు మార్చి, గేట్ల దగ్గర ముందే వరసల్లో నిలబెట్టి, 3.5 నిమిషాలకు తెస్తే 17 ట్రిప్పులు, 408 మంది. ఖర్చు దాదాపు సున్నా.

మీ క్యూ ఎప్పుడూ గంట దాటకపోతే ఈ ఏడాదికి రెండో ట్రైన్ వదిలేయండి. ఒక్క ట్రైన్ మీదే పెట్టండి, దాన్ని నిజంగా కొత్తదాని స్థాయికి తెచ్చుకోండి.

చైన్‌లిఫ్ట్:

అందరికీ థాంక్స్, ఒక్కొక్కరికి విడిగా రాయలేకపోతున్నా. పాతబోల్టు గారూ, మీరు చెప్పిన భుజం వంపు చూశాను, మా పాత యాక్సిల్‌కి ఉంది. ఫ్యాబ్రికేటర్‌ని ఫోన్లో అడిగితే "దానిదేముంది సార్, కావాలంటే పెడతాం" అన్నాడు. కావాలంటే అట!

లెక్కల పిచ్చయ్య గారూ, మా క్యూ సెలవు రోజుల్లో తప్ప గంట దాటదు, మీ మాట పనికొచ్చింది. రెండో ట్రైన్ పక్కన పెడుతున్నా.

ఇప్పుడు రంగు గొడవ. అసలు రంగు వేయకుండా ఉండటానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకోదు. నిజంగానే కొన్నిచోట్ల పెచ్చులు లేచిపోయాయి. దీన్ని ఎలా దాటాలి?

పాతబోల్టు:

రంగును శత్రువులా చూడకండి, తుప్పు ఆపేది అదే. గొడవంతా ఎప్పుడు వేస్తారు, కింద ఏం చేసి వేస్తారు అన్న దాని మీదే. పాత రంగు మీదే మందంగా ఇంకో పొర వేయిస్తే వచ్చే ఏడాది ఇన్‌స్పెక్షన్‌కు పగుళ్లు కనబడవు. రంగు పొర మీద తుప్పు రంగులో సన్నటి గీత కారిందంటే దాని వెనక చాలాసార్లు పగులు ఉంటుంది, ఆ గీతే మనకు దొరికే మొదటి హెచ్చరిక. దాని మీద నిగనిగలాడే కొత్త పెయింట్ వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఇంకో సంగతి. 2023 జూన్ చివర్లో అమెరికాలోని కారోవిండ్స్ పార్కులో ఫ్యూరీ 325 కోస్టర్ స్తంభం పైభాగం విడిపోయి, ట్రైన్ వెళ్తున్నప్పుడు పక్కకు జరుగుతూ ఉంటే వీడియో తీసి చెప్పింది ఎవరు? అక్కడికి వచ్చిన ఒక సందర్శకుడు. ఆ కోస్టర్ 2015 నాటిది, పాతది కూడా కాదు. స్తంభాలు స్థిరంగా నిలబడి ఉన్నాయి కదా, కదిలేవే చూద్దాం అనుకుంటే ఇలా అవుతుంది. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: ముందు స్తంభాల వెల్డింగులు, ట్రాక్ జాయింట్లు గీకి చూసి పరీక్ష చేయించడం, తర్వాత రిపేర్లు, ఆ తర్వాత అక్కడక్కడా ప్రైమర్, చివరన రంగు. పూర్తి శాండ్ బ్లాస్టింగ్ (ఇసుక చిమ్మి రంగంతా ఒలిచేయడం) ఇప్పుడు పెట్టుకోవద్దు, పాత రంగులో సీసం ఉంటే ఆ దుమ్ము సంగతి చూసుకోవడానికే మీ బడ్జెట్ అయిపోతుంది, ముందు ఒక పెచ్చు ల్యాబ్‌కు పంపండి.

బేస్ ప్లేట్ల కథ వేరు. వాన వచ్చాక వెళ్లి చూడండి, ఏ స్తంభం కింద నీళ్లు నిలుస్తున్నాయో. ప్లేటు కింద నింపిన సిమెంటు గ్రౌట్ పగిలి అక్కడ నీళ్లు చేరితే యాంకర్ బోల్ట్ లోపల సన్నబడుతుంది, పైన నట్టు మాత్రం బాగానే కనిపిస్తుంది. ట్యూబ్ స్తంభాలైతే అడుగున నీరు పోవడానికి వదిలిన రంధ్రాలు పూర్వపు పెయింటర్లు మూసేసి ఉంటారు, అవి తెరిచి, అల్ట్రాసానిక్ గేజ్‌తో గోడ మందం కొలిపించండి. ఆ గేజ్ చేతిలో ఇమిడే సైజు, అద్దెకు దొరుకుతుంది.

మేనేజ్‌మెంట్‌కు చెప్పేటప్పుడు మాత్రం "రంగు వద్దు" అని మొదలుపెట్టకండి. మొదటి ఏడాది స్టేషన్, లిఫ్ట్, ఎంట్రన్స్ నుంచి కనిపించే లూప్, ఇంతవరకే రంగు. మిగతాది వచ్చే రెండేళ్లలో ముక్కలుగా. ఎల్‌ఈడీలు అడిగితే లిఫ్ట్ వరకు ఇవ్వండి, అవి చవక, వాళ్లూ సంతోషిస్తారు.

చెక్కట్రాక్:

నేను చెక్క కోస్టర్ల మీద పనిచేస్తా కాబట్టి మొదట్లో కల్పించుకోలేదు, కానీ ముక్కలుగా చేయడం మాకు మామూలు విషయం. ప్రతి ఆఫ్ సీజన్‌లో ఒక భాగం విప్పి కొత్త చెక్క వేస్తాం, మొత్తం ఒకేసారి ఎవరూ చేయరు. అమెరికాలోని 1979 నాటి చెక్క కోస్టర్ ద బీస్ట్‌కి కూడా 2022 సీజన్ ముందు ఎక్కువ కుదుపులున్న భాగాలు ఎంచుకుని చేశారు. మీరు కూడా మూడేళ్ల ప్లాన్ రాసి ఏ ఏడాది ఏది చేయకపోతే రైడ్ ఏ స్థితిలో నడుస్తుందో పక్కన రాయండి. "ఇది చేయకపోతే స్పీడు తగ్గించి నడపాలి", "ఇది చేయకపోతే ఫలానా నెల నుంచి ఆపాలి" అని. బడ్జెట్ కోసినవాళ్ల సంతకం ఆ కాగితం మీద ఉంటే వాళ్లే డబ్బు వెతుకుతారు.

హార్డ్‌వేర్_కాదు:

బ్రేకుల గురించి మర్చిపోయా. గాలి బ్రేకుల బదులు మొత్తం మ్యాగ్నెటిక్ పెట్టమని అమ్మేవాళ్లు వస్తారు. అరగవు, కరెంటు పోయినా పనిచేస్తాయి, నిజమే. కానీ అవి వేగం తగ్గిస్తాయి గానీ ట్రైన్‌ని పూర్తిగా ఆపి పట్టుకోలేవు, కాబట్టి బ్లాక్ బ్రేక్ దగ్గర పట్టుకునే బ్రేకు ఎలాగూ ఉండాలి. డబ్బు తక్కువైతే చివరి బ్రేక్ రన్‌లో వేగం తగ్గించే భాగం ఒక్కటే మ్యాగ్నెటిక్‌కి మార్చుకుని, ఉన్న గాలి బ్రేకుల్లో సీళ్లు, గొట్టాలు, వాల్వులు కొత్తవి వేసుకోండి. దానికోసం ట్రైన్ కింద ఫిన్లు (అయస్కాంతాల మధ్య నుంచి వెళ్లే లోహపు రేకులు) బిగిస్తే బరువు, లోడ్లు మారతాయి, అది పెద్ద మార్పు కింద లెక్కకొస్తుందా లేదా మీ ఇన్‌స్పెక్టర్‌ని ముందే అడగండి. రైడ్ల డిజైన్‌కు ఉన్న ఏఎస్‌టీఎం ఎఫ్2291 లాంటి ప్రమాణాల్లో పెద్ద మార్పులకు కొత్త డిజైన్‌కు ఉన్న నిబంధనలే వర్తిస్తాయి, పని అయ్యాక తెలిస్తే మళ్లీ మొదటి నుంచి లెక్కలు కట్టాలి.

చైన్‌లిఫ్ట్:

సరే, మూడేళ్ల ప్లాన్ రాస్తున్నా. మొదటి ఏడాది: ఎన్‌డీటీ, ఒక్క ట్రైన్ పూర్తిగా విప్పి బుష్‌లు చక్రాలు యాక్సిళ్లు, కంట్రోల్ ప్యానెల్, బేస్ ప్లేట్లు, ఎంట్రన్స్ వైపు రంగు. చైన్ సాగిందో లేదో కూడా కొలవాలి. బ్రేకులు రెండో ఏడాది. ఫ్యాబ్రికేటర్ విషయంలో డ్రాయింగ్ ఇంజినీరు గీశాకే మాట్లాడతానని చెప్పేశా. ఇంకేమైనా మర్చిపోయానా?

పాతబోల్టు:

బ్రేకులు రెండో ఏడాదికి పెట్టినా సీళ్లు, గొట్టాలు ఇప్పుడే మార్చేయండి, అది పెద్ద ఖర్చు కాదు. ఇంకోటి, క్రేన్. లిఫ్ట్ పైన మోటారు, గేర్‌బాక్స్ దింపడానికి ఒకసారి, స్తంభాల పరీక్షకు ఒకసారి, రంగుకు ఒకసారి, లైట్లకు ఒకసారి అని విడివిడిగా పిలిస్తే అద్దె ఒక్కటే మీ డబ్బంతా మింగేస్తుంది. ఎన్‌డీటీ వాళ్లు, ఎలక్ట్రీషియన్లు, పెయింటర్లు ఒకే వారంలో ఉండేలా తేదీలు కలుపుకోండి. చైన్ కొలిచేటప్పుడు ఒక్కో లింకు కొలవకండి, తేడా తెలీదు, పొడుగ్గా చాలా లింకులు కలిపి కొలిచి కొత్త చైన్ లెక్కతో పోల్చండి. కింద చైన్ జారే ప్లాస్టిక్ స్ట్రిప్పులు అప్పుడే చూసేయండి.